గేట్‌పాసు లేని దుమ్ము

దశరథం రేకుల ఫ్యాక్టరీ టైమాఫీసులో ఉన్నన్నాళ్లూ ఆ గేటు దాటి ఒక్క నట్టు గానీ బోల్టు గానీ బయటికి పోలేదు. ఈ సంగతి ఆయన్ని అడిగి తెలుసుకోనక్కర్లేదు, అడక్కుండానే చెబుతాడు. పెళ్లిళ్లలో చెప్పాడు, బారసాలల్లో చెప్పాడు. ఒకసారి ఎవరిదో దశదినకర్మకి వెళితే, పోయినాయన గురించి రెండు మంచి ముక్కలు చెప్పమన్నారు. "మంచోడే. కాని ఒకపారి సద్దిగిన్నెల వాషరు పెట్టుకొని పోతుంటే పట్టుకున్న" అన్నాడు దశరథం. ఆ పూట వడ్డన ఆయన విస్తరి దాకా రాలేదు.

నగరానికి పడమటి కొసన, రైలు పట్టాల పక్కన ఉండేది ఆ ఫ్యాక్టరీ. సిమెంటులో ఆస్బెస్టాస్ అనే రాతినార కలిపి ఇంటికప్పు రేకులు చేసేవారు. నగరంలో సగం మంది నెత్తి మీద ఆ రేకులే ఉండేవి. రాతినార సంచులు విప్పితే తెల్లటి నూగు లేచి, మనుషుల మీద, మిషన్ల మీద, మేనేజరు గారి గదిలోని దేవుడి పటం మీద సమానంగా వాలేది. అది సున్నంలాంటిదేననీ, ఒంటికి బలమేననీ పైవాళ్లు చెప్పారు. పైవాళ్లు చెప్పాక దశరథం ఇంకొకరిని అడిగే రకం కాదు.

సాయంత్రం సైరన్ మోగగానే ఆయన గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి గిన్నె మూత తీయించి, మిగిలిన అన్నంలో వేలు పెట్టి కెలికి, చెప్పులు విప్పించి చూసి పంపేవాడు. లోపలికి రావాలంటే టోకెన్ ఉండాలి. ఆయన భార్య బాలామణి మధ్యాహ్నం క్యారియర్ తెస్తే, ఆమె కూడా గేటు బయట ఎండలో నిలబడవలసిందే. "కట్టుకున్న పెండ్లామైనా సరే, టోకెన్ లేంది లోపలికి రావద్దు" అని నలుగురికీ వినపడేలా అనేవాడు. బాలామణి కొంగు నెత్తిన కప్పుకుని నిలబడేది. లోపల నీడలో కుక్క పడుకుని ఉండేది, దానికి టోకెన్ అడిగేవాళ్లు లేరు.

ఆ రోజుల్లో పని దిగగానే కార్మికులు గేటు లోపలే చొక్కాలు విప్పి దులుపుకునేవారు. కాసేపు ఎదుటి మనిషి కనపడేవాడు కాదు. మేనేజరు గారి నల్లకారు తెల్లకారయ్యేది. అట్లా ఉండగా 'పరిశుభ్ర కర్మాగారం' షీల్డుకి పోటీ వచ్చింది. తనిఖీ బృందం వచ్చేలోగా దుమ్మును ఎట్లా వదిలించుకోవాలా అని పెద్దలంతా కూర్చుని, టీలు తాగి, బిస్కెట్లు తిని, ఏమీ తేలక లేవబోతుంటే దశరథం చేయెత్తాడు. మర్నాటికల్లా గేటు పక్క గోడ మీద ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు వెలిశాయి: 'గేటు లోపల బట్టలు దులుపుకొనరాదు. ఉల్లంఘించినచో అరపూట జీతము కోత.'

అంతే, ఫ్యాక్టరీ అద్దంలా తయారైంది. దుమ్మంతా ఎవరి ఒంటి మీదది వాళ్లతో బుద్ధిగా ఇంటికి పోయింది. షీల్డు వచ్చింది. షీల్డు పట్టుకున్న మేనేజరు పక్కన దశరథం సగమే పడిన ఫొటో ఆయన ఇంట్లో టీవీ పైన వెలిసింది. కార్మికుల క్వార్టర్ల లైన్లలో ప్రతి ఇంటి వెనకా ఆడవాళ్లు సాయంత్రం పూట మొగుళ్ల చొక్కాలు గోడకేసి కొట్టి, దులిపి, బకెట్లో నానబెట్టేవారు. బాలామణి కూడా అదే పని చేసేది. టైమాఫీసు చొక్కా కాబట్టి కాస్త ఎక్కువ గౌరవంగా దులిపేది.

ఇదంతా ముప్పై ఏళ్ల నాటి మాట. ఫ్యాక్టరీ మూతపడింది, షీల్డు ఎవరో తూకానికి అమ్ముకున్నారు. ఈ ఏడు బాలామణికి ఊపిరాడటం కష్టమైంది. బిందె ఎత్తితే ఆయాసం, మెట్టెక్కితే ఆయాసం. చివరికి కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నా ఆయాసం వచ్చే స్థితికి చేరింది.

పెద్ద దవాఖానాలో డాక్టర్ నస్రీన్ పరీక్షలన్నీ చేయించింది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్ అనీ, మెసోథెలియోమా అంటారనీ, రాతినార పీల్చిన వాళ్లకి వస్తుందనీ, లోపలికి పోయిన ముప్పై నలభై ఏళ్లకి గానీ బయటపడదనీ చెప్పింది.

"అమ్మ రేకుల ఫ్యాక్టరీలో పని చేసిందా?" అని అడిగింది.

"లేదు మేడం. నేను చేసిన. ఆమె గేటు గూడ దాటలే. నేనే దాటనియ్యలే" అన్నాడు దశరథం, అలవాటు చొప్పున గర్వంగానే.

"మీ బట్టలు ఎవరు ఉతికేవారు?" అంది డాక్టరమ్మ మెల్లగా.

టీవీ పైనున్న ఫొటో, ఎర్ర రంగు అక్షరాలు, గోడకేసి కొట్టే చొక్కా చప్పుడు దశరథానికి ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇన్నేళ్లూ అన్నం మెతుకుల్లో నట్లు వెతికినవాడు తన చొక్కా జేబు ఏనాడూ తడుముకోలేదు.

"నయం కాదు పెద్దాయనా, అబద్ధం చెప్పను. కానీ ఉన్నన్ని రోజులు సుఖంగా ఊపిరి పీల్చుకునేట్టు చేయొచ్చు. ఛాతీలో నీరు చేరుతోంది, ఎప్పటికప్పుడు తీయాలి, ఆక్సిజన్ పెట్టాలి. నా దగ్గర బెడ్డు లేదు. కార్మికుల ఆసుపత్రిలో వృత్తి వ్యాధుల విభాగం కొత్తగా కట్టారు, వారంలో మూడు రోజులు నేను అక్కడికీ వెళ్తాను. బెడ్లన్నీ ఖాళీ. ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు" అంది డాక్టర్ నస్రీన్.

"గట్లెందుకు ఖాళీ ఉన్నయ్?"

"అర్హులైన రోగి ఇంతవరకు దొరకలేదట."

అర్హత తేల్చేది వృత్తి వ్యాధుల నిర్ధారణ మండలి. దాని అధ్యక్షులు శేషశయనం గారు. మూతపడిన ఫ్యాక్టరీల ఆస్తుల సంరక్షణ కూడా వారి చేతిలోనే ఉంది. కాబట్టి ఎడం చేత్తో ఆస్తులనూ కుడి చేత్తో రోగులనూ చూసుకుంటూ, ఏ చేతికీ తడి అంటకుండా కాలక్షేపం చేస్తున్నారు. ఈ నగరంలో వృత్తి వ్యాధులే లేవని మండలి ఏటా పైకి రాసి, ఏటా ప్రశంస అందుకుంటోంది.

దశరథం చెప్పినదంతా విని శేషశయనం గారు కళ్లజోడు సవరించుకున్నారు.

"వృత్తి వ్యాధి అనునది వృత్తిలో ఉన్నవారికి మాత్రమే సంక్రమించుటకు అధికారము కలదు. మీ భార్య కుటుంబ సభ్యురాలు. కుటుంబ సభ్యులకు జ్వరము, విరేచనములు, ప్రసవము అనుమతింపబడినవి."

"ఆమె ముసల్దయింది సార్."

"అట్లయిన ప్రసవము మినహాయించి మిగిలిన రెండింటిలో ఏదైనను ఎంచుకొనవచ్చును."

"సార్, రోగమైతే వచ్చింది గద!"

"వచ్చియుండవచ్చును. కాని ఫ్యాక్టరీ లోపలి దుమ్ము, ఫ్యాక్టరీలోకి రాని మనిషి వద్దకు ఎట్లు వచ్చినది?"

"నా అంగి మీద వచ్చింది సార్. నేనే తీస్కపోయిన."

శేషశయనం గారు నిటారుగా కూర్చున్నారు. ఉద్యోగంలో చేరిన తర్వాత ఆయన ముఖంలో ఆసక్తి కనపడటం అదే మొదలని గుమాస్తా తరవాత చెప్పుకున్నాడు.

"దుమ్ము ఎవరిది?"

"ఫ్యాక్టరీది."

"ఫ్యాక్టరీ సొత్తు, గేటు బయటికి, మీ ఒంటి మీద పోయినది. గేట్‌పాసు ఉన్నదా?"

జీవితమంతా దశరథం పది మందిని అడిగిన ప్రశ్న అది. ఇవతలి వైపు నుంచి వింటే ఎట్లా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

"దసరాకు పగిలిన రేకులు ఇస్తుండిరి సార్, వాటికైతే నేనే పాసులు రాసిచ్చిన."

"దుమ్ముకు రాయలేదు. కావున ఇది చౌర్యము. మీరు చౌర్యమును అంగీకరించినచో దుమ్ము మీ ఇంటికి చేరినట్లు అధికారికముగా సిద్ధించును. అంగీకరించనిచో దుమ్ము చేరలేదు, రోగము రాలేదు, మీ భార్య దగ్గుట లేదు. ఆలోచించుకొని రండి."

దశరథం ఇంటికొచ్చి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని సంగతంతా చెప్పాడు. బాలామణి ముందు నవ్వింది, తర్వాత దగ్గింది, దగ్గు తగ్గాక మళ్లీ మిగిలిన నవ్వు పూర్తి చేసింది.

"ఏమయ్యా, ఇంతమందిని దొంగలని గిన్నెలు దేవులాడితివి. దొంగతనం జేసేటోనివి జర బంగారమన్న తేకపోతివా? దుమ్ము తెచ్చినవ్!"

"నవ్వకే. గా బోర్డు నేనే రాయించిన. దులుపుకోనిస్తే గాడ్నే పోతుండె."

ఆమె ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "నువ్వొక్కనివేనా? లైన్లున్న మొగోళ్లంత తెచ్చిండ్రు. నువ్వు కావలి ఉండి తెచ్చినవ్, గంతే తేడా. పో, దొంగనని ఒప్పుకో. నాకు జర దమ్ము తీసుకోవాలనుంది."

మర్నాడు దశరథం దొంగనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటే చాలదు, రుజువు కావాలన్నారు శేషశయనం గారు. మూతపడిన ఫ్యాక్టరీ గేటు దగ్గరికి విచారణ కదిలింది. తుప్పు పట్టిన గేటు ముందు కుర్చీ వేశారు, గొడుగు పట్టారు. సంఘటన ఎట్లా జరిగిందో యథాతథంగా జరిపి చూపించాలన్నారు.

"దొంగ ఎవరు?"

"నేనే సార్."

"సోదా అధికారి?"

"అది గూడ నేనే సార్."

"ఇద్దరును హాజరైనట్లు రాసుకో" అన్నారు గుమాస్తాతో. "సోదా ప్రారంభించండి."

దశరథం ముసలి ఒళ్లు వంచి తన చెప్పులు తానే విప్పుకున్నాడు. తన జేబులు తానే తిరగేసుకున్నాడు. తెచ్చుకున్న డబ్బా మూత తీసి పెరుగన్నంలో తానే వేలు పెట్టి కెలుక్కున్నాడు. పాత అలవాటు ఊరుకోదు కదా, "మంచిగ నిలబడు, ఊగుతున్నవెందుకు" అని తనను తానే కసురుకున్నాడు కూడా. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకప్పుడు ఆయన చేత గిన్నెలు కెలికించుకున్న ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు గోడ పక్కన చేరి, కడుపు పట్టుకుని నవ్వారు. ఆయనకి సిగ్గేసింది. కానీ ఆ నవ్వు తనకి రావలసినదేనని కూడా అనిపించింది.

"సోదాలో ఏమియు దొరకలేదు" అని తేల్చారు శేషశయనం గారు. "మీరు అత్యంత సమర్థుడైన సోదా అధికారి అని రికార్డు చెప్పుచున్నది. మీకే దొరకలేదనిన, చౌర్యము జరగలేదు. మీ భార్య ఆరోగ్యవంతురాలు. అభినందనలు."

దశరథం పక్కనున్న గోడకి చెయ్యి ఆనించాడు. చేతికి ఎర్ర రంగు పెచ్చు ఊడి వచ్చింది.

"సార్! గీ బోర్డు సదువుండ్రి!"

ఎండకీ వానకీ వెలిసిపోయినా అక్షరాలు ఇంకా కనపడుతూనే ఉన్నాయి. గుమాస్తా కూడబలుక్కుని చదివాడు.

"లోపల దులపొద్దని నేనే రాయించిన. ఎవరు దులపలే. అందుకే షీల్డొచ్చింది. లోపల దులపకుంటె మరి దుమ్ము ఏడికి పోయినట్టు సార్? అంగి మీదనే గద బయటికి పోయింది!"

శేషశయనం గారు అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నారు. "దులుపరాదని మాత్రమే ఉన్నది. తీసుకుపొమ్మని లేదు."

"మరి దులపొద్దు, తీస్కపోవద్దు అంటె బట్టలిప్పి గేటు కాడ పెట్టి పోవాల్నా సార్ మనుషులు?"

"అది పరిశుభ్రత పరిధిలోనిది కాదు, సభ్యత పరిధిలోనిది. ఆ శాఖ వేరు" అని, "అయినను షీల్డు ప్రభుత్వము ఇచ్చినది. ప్రభుత్వము ఇచ్చిన షీల్డు తప్పు కాజాలదు. కావున దుమ్ము లోపల లేదు. లోపల లేనిది బయటికి పోయినది. చౌర్యము రుజువైనది" అన్నారు.

దశరథం రెండు చేతులూ జోడించాడు. దొంగ అని ముద్ర పడినందుకు ఇంత సంబరపడ్డ మనిషిని ఆ గేటు అంతకు ముందు చూసి ఉండదు.

కానీ శేషశయనం గారి వాక్యం ఇంకా పూర్తి కాలేదు. "చౌర్యము రుజువైనందున, సదరు సొత్తును యథాతథముగా మండలికి తిరిగి అప్పగించవలెను."

ఆ సాయంత్రమే జప్తుకి వచ్చారు. గుమాస్తా చేతిలో గోనెసంచీ, లక్క, సీలు ఉన్నాయి. ఇల్లంతా వెతికారు. అటక మీద, మంచం కింద, బియ్యం డబ్బా వెనక చూశారు. దొరికిన దుమ్మంతా ఈ మధ్యదే, సొంతదే. చొక్కాలు కొట్టి దులిపిన వెనక గోడ దగ్గరికి వెళ్లి చూస్తే, అది ఎప్పుడో కూలి కొత్త గోడ లేచింది.

"సొత్తు ఎక్కడ దాచితివి?" అని గద్దించారు శేషశయనం గారు.

దశరథం తల దించుకున్నాడు. బాలామణి దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. కూర్చోవడానికే ఆమెకి చాలాసేపు పట్టింది. కుడి చెయ్యి రొమ్ము మీద పెట్టుకుంది.

"ఆయన్నెందుకడుగుతరు సారూ, దొంగసొత్తు నా దగ్గరుంది. గీడ. ఇన్నేండ్లు భద్రంగ దాసిన. మీ ఫ్యాక్టరోళ్లది ఒక్క చిటికెడు గూడ పారెయ్యలె. తీస్కపోండ్రి సారూ. పున్నెముంటది. తీస్కపోండ్రి."

గుమాస్తా సంచీ కిందికి దించాడు. శేషశయనం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది దుమ్ము పట్టి కాదు. అయితే మనిషి కరిగినా అధికారి కరగకూడదు కాబట్టి, మళ్లీ పెట్టుకుని గొంతు సవరించుకున్నారు.

"రాసుకో. సొత్తు, పాత్ర నుండి వేరు చేయుటకు వీలులేని స్థితిలో ఉన్నందున, పాత్ర సహితముగా స్వాధీనపరచుకొనడమైనది. సదరు పాత్రను గాలి, వెలుతురు గల ప్రభుత్వ స్థలమందు కేసు ముగియువరకు భద్రపరచవలెను. ప్రస్తుతము అట్టి స్థలము ఏది ఖాళీ ఉన్నది?"

"వృత్తి వ్యాధుల విభాగం సార్" అన్నాడు గుమాస్తా. "కవర్లు కూడా విప్పలేదు."

"దానిని తాత్కాలిక మాల్‌ఖానాగా, అనగా జప్తు సొత్తు భద్రపరచు స్థలముగా, ప్రకటించడమైనది."

ఆ విధంగా బాలామణికి బెడ్డు దొరికింది. రోగిగా కాదు, దొంగసొత్తు ఉన్న పాత్రగా. మంచానికి లక్కసీలుతో చీటీ కట్టారు. సొత్తును ముట్టుకుంటే సాక్ష్యం చెడుతుందేమోనని మొదట డాక్టర్ నస్రీన్‌ని అడ్డుకున్నారు. ఆవిడ కోపం పట్టలేక, "నేను తీసేది నీళ్లండీ, మీ ఫ్యాక్టరీ నీళ్లు కావు!" అని అరిచింది. మండలి సమావేశమై, నీరు కంపెనీ సొత్తు కాదు గనుక తీయవచ్చునని తీర్మానించింది. ఆక్సిజన్‌కి కూడా అభ్యంతరం లేదన్నారు. సొత్తు పాడు కాకుండా గాలి ఆడాలి కదా.

ఈ కబురు లైన్లలో పాకడానికి ఒక్క పూట కూడా పట్టలేదు, అరపూట సరిపోయింది. దగ్గే భార్యలున్న ముసలి కార్మికులంతా దశరథం ఇంటి ముందు బారు తీరారు. "అన్నా, దొంగనని ఎట్ల ఒప్పుకోవాలె? జర నేర్పియ్యరాదే" అని బతిమాలారు. ఒకప్పుడు తాను దొంగలు కారని తేల్చి పంపినవాళ్లని ఇప్పుడు దొంగలని తేల్చడానికి దశరథం ఒక్కొక్కరి వెంటా మండలికి తిరిగాడు. విభాగంలో ప్లాస్టిక్ కవర్లన్నీ విప్పారు. ఆ ఏడు కూడా నగరంలో వృత్తి వ్యాధులు లేవనీ, మాల్‌ఖానా మాత్రం కిటకిటలాడుతోందనీ మండలి పైకి రాసింది. దానికీ ప్రశంస వచ్చింది.

బాలామణిని చేర్చిన మర్నాడు దశరథం చిక్కుడుకాయ కూర తానే వండి, మాడిన భాగం తీసేసి, క్యారియర్ కట్టుకుని వెళ్లాడు. విభాగం గేటు దగ్గర కాపలా ఉన్నవాడు మల్లేశం. పూర్వం రేకుల ఫ్యాక్టరీలో సంచులు మోసినవాడే. సైకిల్ పంక్చరై కాస్త ఆలస్యంగా వస్తే దశరథం అరపూట జీతం కోసిన మల్లేశమే.

"లోపలికి పోవద్దు సార్" అన్నాడు మల్లేశం.

"నా పెండ్లాముంది మల్లేశం."

"ఎర్కే. కాని అది మాల్‌ఖానా. సొత్తు కాడికి దొంగను పంపొద్దని ఆర్డరుంది. క్యారియర్ ఇయ్యి, పంపిస్త." మూత తీసి కూరలో వేలు పెట్టబోయి ఆగి, మళ్లీ మూత పెట్టేశాడు. "నాతోని గాదు సార్. అన్నంల ఏలు పెట్టుడు ఎట్ల చాతనైతుండెనో నీకు."

దశరథం గేటు బయట ఎండలో నిలబడ్డాడు. తువ్వాలు నెత్తిన కప్పుకున్నాడు. పక్కన నీడలో కుక్క ఒకటి పడుకుని ఆయన్ని చూసింది. ఎంతసేపు నిలబడ్డా గేటు గేటులాగే ఉంది. రోజూ మధ్యాహ్నం బాలామణి చూసిన గేటు ఇట్లాగే ఉండేదన్నమాట అనుకున్నాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

మల్లేశం కాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి జేబులోంచి బీడీ తీశాడు.

"నేను గా మూల మీదికి పోయి తాగొస్త సార్. ఎవరొచ్చిండ్రో, ఎవరు పోయిండ్రో నాకెరుక లేదు."

దశరథం క్యారియర్ తీసుకుని గడప దాకా వెళ్లి ఆగిపోయాడు. క్యారియర్ కింద పెట్టాడు. చొక్కా గుండీలు విప్పి, చొక్కా తీసి, గేటు బయట గాలిలోకి చాచి దులిపాడు. ముందువైపు దులిపాడు, వెనకవైపు దులిపాడు, చేతులు పట్టుకుని జాడించాడు.

"సార్, ఉతికిన అంగే గద, దాని మీద ఏం లేదు" అన్నాడు మల్లేశం, మూల మీదినుంచే.

దశరథం వినిపించుకోలేదు. ఇంకా కాసేపు దులిపి, తొడుక్కుని, గుండీలు సరిగ్గా పెట్టుకుని, జీవితంలో మొదటిసారి టోకెన్ లేకుండా ఒక గేటు దాటాడు.

బాలామణి ముక్కుకి గొట్టం ఉంది. కానీ ఊపిరి నెమ్మదిగా, తిన్నగా ఆడుతోంది. ఆయన్ని చూసి కళ్లు చిట్లించింది.

"ఎవరు రానిచ్చిండ్రు నిన్ను? టోకెనున్నదా?"

"లేదే."

ఆమె కాళ్లు పక్కకి జరిపి మంచం మీద చోటిచ్చింది. "అయితె జల్ది కూసో. ఎవరన్న జూస్తరు."